క్రీడాకారిణులగు బాలికలు - ఋతుబాధ, ఆహారము

2024వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన పారిస్ ఒలింపిక్ క్రీడలయందు మణిపూరు వనిత మీరాబాయి చాను రెండు విధముల బరువులను కలిపి 199 కిలోలెత్తి, ఒక్క కిలో తక్కువయగుటచే పతకమును గోల్పోయెను. అది తన ఋతుకాలమున మూడవ దినమనియు, కొంత నీరసముగ నుండెననియు నామె పిదప సంకోచింపక చెప్పెను. లోకమెల్ల వినుచుండ నామె చెప్పిన మాటను మన బాలికలు తమ ఉపాధ్యాయినితో సైతము చెప్పజాలక, తలనొప్పి యని సాకు చెప్పుచున్నారు.

ఈ నొప్పి సోమరితనము గాదు. ఋతుకాలమున ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములు గర్భాశయ కండరములను బిగియించుటచే నిది కలుగును. వేడినీటి కాపడమును, తేలికయగు నడకయు కొంత యుపశమనము నిచ్చును. బడి మానవలసినంత బాధ యున్నచో వైద్యురాలికి జూపవలెను.

అయినను, నొప్పికంటె మేము మిక్కిలి భయపడునది ఋతువు నిలిచిపోవుట. పరుగుపందెములకు సిద్ధపడు బాలికలు కొందరు దీనిని మేలనియే తలంతురు. ఇది పొరపాటు. శ్రమకు దగిన ఆహారము లేనిచో శరీరము పొదుపు చేయనారంభించును. అండాశయములకు మెదడునుండి వచ్చు ప్రేరణ తగ్గును. ఈస్ట్రోజెన్ అను హార్మోను క్షీణించును. ఎముకలు బలము దప్పి చిట్లును. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారును ఈ యపాయమునుగూర్చి హెచ్చరించిరి. ఎముకలు గట్టిపడవలసిన వయస్సులో కలిగిన నష్టమును పిదప పూరించుట కష్టము. కావున మూడు నెలలు వరుసగ ఋతువు రాకున్నను, 15 ఏండ్లు నిండియు రజస్వల కాకున్నను వైద్యురాలిని సంప్రదింపవలెను.

తల్లులారా! కుమారుని కంచమున గ్రుడ్డు వడ్డించి, మైదానమున పరుగెత్తు కుమార్తెకు చారన్నముతో సరిపెట్టకుడు. రాగిజావ, పప్పు, పెరుగు, తోటకూర, నువ్వులుండ మన యిండ్లలో దొరకునవే. ఆకుకూరపై నిమ్మరసము పిండినచో అందలి ఇనుము రక్తమునకు బాగుగ నందును. భోజనముతో టీ త్రాగినచో తగ్గును. పరగడుపున పరుగునకు పంపకుడు.

వ్యాయామ శిక్షకులకు మా మనవి యొకటి. బాలికను ఏకాంతమున దయతో నడుగుడు. విశ్రాంతి గోరినంతమాత్రమున జట్టునుండి తొలగింపకుడు. ఆమె నిర్భయముగ నిజము చెప్పగల మైదానమే మంచి మైదానమని మా యభిప్రాయము. బాలికలారా! మీరు గెలువవలెనని మేమును గోరుచున్నాము. కాని మీ యెముకలను వెలగా నిచ్చి తెచ్చు పతకము మాకక్కరలేదు.