పేర్లు అడిగితే ‘వ్యక్తిగతం’ అంటే ఊరుకోవద్దు

కడియంలో ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీ రుణాలు ఎవరికి అందాయి? ఈ ప్రశ్న వేయడానికి ఏ నాయకుడి సిఫారసూ అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద మండల కార్యాలయంలో 5 రూపాయల ఫీజుతో దరఖాస్తు ఇస్తే చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ఎందుకు అడుగుతున్నామో చెప్పాల్సిన పని కూడా లేదు.

కానీ ఇప్పుడు కొత్త అడ్డంకి వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చేసింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ సెక్షన్‌లో ఇక లేదు. లబ్ధిదారుల పేర్లు దాచిపెడితే, దళితుల పేరిట మంజూరైన రుణం ఎవరి చేతికి చేరిందో తేలదు.

దీనికి జవాబు అదే చట్టంలో ఉంది. సబ్సిడీ పథకాల కేటాయింపులు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడక్కుండానే ప్రకటించాలని సెక్షన్ 4(1)(బి) చెబుతోంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపులున్నా సమాచారం ఇవ్వొచ్చని సెక్షన్ 8(2) అంటోంది. ఈ రెండూ మారలేదు.

కాబట్టి దరఖాస్తులో ఈ రెండు సెక్షన్లూ రాయండి. ‘నాకెందుకు రాలేదు?’ అని కాక, ‘మంజూరు జాబితా నకలు ఇవ్వండి’ అని అడగండి. రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.