ప్రైమరీల పోరులో మన మిత్రులెవరు?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అమెరికా అధ్యక్ష పదవిని ఆశించే వారికి ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. ప్రత్యర్థి పార్టీతో తలపడటానికి ముందు స్వపక్షంలోని పోటీదారులను ఒక్కొక్క రాష్ట్రంలో ఓడించుకుంటూ రావలసి ఉంటుంది. నాలుగేళ్ళకొకసారి ఈ ఇంటిపోరు మొదలైనప్పుడల్లా మన దేశంలోనూ ఒక చర్చ బయలుదేరుతుంది. పోటీపడుతున్న వారిలో భారతదేశానికి మిత్రులెవరు, కానివారెవరు అన్నదే ఆ చర్చ. అది సహజమే. అయితే ఆ ప్రశ్న వేసే తీరులోనే లోపమున్నదని, అందువల్లనే ప్రతిసారీ ఆశాభంగమో, ఆశ్చర్యమో మన వంతవుతున్నదని గత అనుభవాలు చాటుతున్నాయి.

ఇందుకు 2008 నాటి డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీలను మించిన ఉదాహరణ లేదు. హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామాల మధ్య ఆ ఏడాది జనవరి 3న అయోవాలో మొదలైన పోటీ జూన్ మొదటివారం వరకూ సాగింది. మూడున్నర కోట్ల మందికి పైగా అందులో ఓట్లు వేశారు. ఆ పోరు సాగినన్నాళ్ళూ మన దేశంలో మొగ్గు హిల్లరీ వైపే ఎక్కువగా కనిపించింది. అందుకు కారణాలూ ఉన్నాయి. సెనేట్‌లో భారత అనుకూల బృందానికి ఆమె సహాధ్యక్షురాలు. తన రాష్ట్రమైన న్యూయార్క్‌లోని బఫెలో నగరానికి 2003లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కార్యాలయం రావడంలో చొరవ చూపారు. ఆమె భర్త బిల్ క్లింటన్ 2000 మార్చిలో అధ్యక్ష హోదాలో హైదరాబాద్‌ను సందర్శించిన సంగతి తెలుగువారికి విదితమే.

ఒబామా పట్ల అనుమానాలకూ ఆధారాలు లేకపోలేదు. 2007 జూన్‌లో ఆయన ప్రచార సిబ్బంది విలేకరులకు ఒక పత్రం పంచారు. హిల్లరీ దంపతులకు భారతదేశంతో గల ఆర్థిక, రాజకీయ సంబంధాలను అది ఏకరువు పెట్టింది. సెనేటర్ పేరు పక్కన రాష్ట్రాన్ని సూచించే చోట న్యూయార్క్‌కు బదులు పంజాబ్ అని రాసి ఎద్దేవా చేసింది. ప్రవాస భారతీయులు తీవ్రంగా నిరసించడంతో అది తెలివితక్కువ పొరపాటని ఒబామా విచారం వ్యక్తం చేయవలసివచ్చింది. అంతకుముందు 2006 నవంబరులో అణు సహకార బిల్లు సెనేట్ ముందుకు వచ్చినప్పుడు, భారత్‌కు సరఫరా చేసే అణు ఇంధనానికి రియాక్టర్ల సహేతుక అవసరాల మేరకే పరిమితి ఉండాలన్న సవరణను ప్రతిపాదించినదీ ఆయనే. ఈ రెండింటినీ జతచేసి, ఒబామా గెలిస్తే మనకు కష్టకాలమేనని తీర్మానించినవారు తక్కువేమీ కాదు.

మాటలు ఒకటి, ఓట్లు మరొకటి

అయితే సెనేట్ రికార్డు మరో కథ చెబుతున్నది. 2006 నవంబరు 16న అణు బిల్లు 85-12 ఓట్లతో నెగ్గింది. 2008 అక్టోబరు 1న తుది ఒప్పందానికి 86-13 ఓట్లతో ఆమోదం లభించింది. ఈ రెండు సందర్భాలలోనూ హిల్లరీ, ఒబామా ఇద్దరూ అనుకూలంగానే ఓటు చేశారు. ప్రచార వేదికల మీద ఉత్తర, దక్షిణ ధ్రువాలుగా కనిపించిన అభ్యర్థులు మనకు అతి ముఖ్యమైన అంశంపై ఒకే గూటికి చేరారన్న మాట.

ఒహాయో రాష్ట్రంలో జరిగింది మరింత ఆసక్తికరం. కర్మాగారాలు మూతపడి, ఉపాధి కోల్పోయిన కార్మికులు అధికంగా ఉన్న ఆ రాష్ట్రంలో 2008 మార్చి 4న ప్రైమరీ జరిగింది. కెనడా, మెక్సికోలతో కుదిరిన నాఫ్టా ఒప్పందాన్ని దుయ్యబట్టడంలో ఇద్దరూ పోటీపడ్డారు. ఆ ఒప్పందాన్ని 1993లో చట్టంగా చేసినది హిల్లరీ భర్తే. ఒబామా ఎనిమిదేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నా నాఫ్టా స్థానంలో వేరే ఒప్పందం రాలేదు. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటిన తర్వాత బోడిమల్లయ్య అన్న చందాన ఒహాయో కార్మికునికి ఇచ్చిన హామీ గట్టు మీదనే మిగిలిపోయింది.

పాకిస్థాన్ విషయం చూద్దాం. కచ్చితమైన సమాచారం లభించి, ముషారఫ్ చర్య తీసుకోకపోతే తామే తీసుకుంటామని 2007 ఆగస్టు 1న ఒబామా ప్రకటించారు. ఇటువంటి మాటలు బహిరంగంగా అనడం అవివేకమని హిల్లరీ సహా ప్రత్యర్థులు విమర్శించారు. అనుభవం లేని వ్యక్తి నోరుజారాడన్న వ్యాఖ్యలు వినిపించాయి. 2011 మే 2న అబోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్‌ను అమెరికా దళాలు హతమార్చినప్పుడు ఆదేశమిచ్చినది ఒబామా. ఆ నిర్ణయంలో భాగస్వామిగా, విదేశాంగ మంత్రిగా అదే గదిలో కూర్చున్నది హిల్లరీ. ప్రైమరీలలో నోటిదురుసు అనిపించినది విధానంగా మారింది. విధానం అనిపించినది గాలికి పోయింది.

మరి ఒబామా మనకు మిత్రుడా, కాదా? 2009 నవంబరులో ఆయన ప్రభుత్వం తొలి అధికార విందు ఇచ్చినది ప్రధాని మన్మోహన్ సింగ్‌కు. 2010 నవంబరులో మన పార్లమెంటులో ప్రసంగిస్తూ భద్రతా మండలిలో భారత్‌కు శాశ్వత సభ్యత్వాన్ని సమర్థించారు. అదే 2010 ఆగస్టులో, హెచ్-1బి ఉద్యోగులపై అధికంగా ఆధారపడే కంపెనీలకు వీసా రుసుమును రెండు వేల డాలర్ల మేర పెంచే చట్టంపై సంతకం చేసినదీ ఆయనే. ఆ భారం ప్రధానంగా మన ఐటీ సంస్థలపైనే పడింది. ఒకే మనిషి ఏడాది వ్యవధిలో చేసిన ఈ పనులను మిత్రుడు, శత్రువు అన్న రెండు గంపలలో సర్దడం ఎవరి తరమూ కాదు.

రక్తసంబంధం రాజకీయమా?

ఇటీవలి కాలంలో ఈ చర్చకు మరో రంగు వచ్చి చేరింది. అభ్యర్థుల వంశమూలాలను బట్టి ఆశలు పెంచుకోవడం అది. 2024 రిపబ్లికన్ ప్రైమరీలలో పంజాబీ దంపతుల కుమార్తె నిక్కీ హేలీ, కేరళ నుంచి వెళ్ళిన దంపతుల కుమారుడు వివేక్ రామస్వామి పోటీపడ్డారు. 2023 ఆగస్టు నాటి తొలి చర్చలోనే ఇద్దరూ విదేశాంగ విధానంపై ఢీకొన్నారు. హెచ్-1బి లాటరీ పద్ధతిని రద్దు చేయాలని గట్టిగా వాదించినవారిలో రామస్వామి ఒకరు. డెమొక్రాట్లలో కమలా హారిస్ కోసం ఆమె తాతగారి ఊరైన తమిళనాడులోని తులసేంద్రపురంలో పూజలు జరిగాయి. ఉపాధ్యక్షుడిగా జె.డి. వాన్స్ ఎన్నికైనప్పుడు ఆయన భార్య ఉష పూర్వికుల గ్రామమైన పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో సంబరాలు జరిగాయి. ఆ సంతోషాన్ని తప్పుపట్టనక్కరలేదు. కాని అమెరికాలో ఓటరును మెప్పించవలసిన వారు అయోవా రైతు మాట వింటారే తప్ప గోదావరి రైతు మాట వినరు. అది వారి ధర్మం కూడా.

డొనాల్డ్ ట్రంప్ వ్యవహారం ఈ పాఠాన్ని మరింత స్పష్టం చేసింది. 2016 మార్చిలో డెట్రాయిట్ చర్చావేదికపై నిపుణుల వీసాల పట్ల తన వైఖరిని మెత్తబరుస్తున్నట్లు చెప్పి, అదే రాత్రి ప్రకటన జారీచేసి వెనక్కి తగ్గారు. 2019 జూన్‌లో భారత్‌కు సుంకాల రాయితీని తొలగించిన ప్రభుత్వాధినేతే సెప్టెంబరులో హ్యూస్టన్ సభలో మన ప్రధానితో కలిసి చేతులూపారు. 2025 ఆగస్టులో మన సరుకులపై సుంకం 50 శాతానికి చేరింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఇటీవలి సంవత్సరాలలో ఆమోదం పొందిన ఆ వీసాలలో 70 శాతానికి పైగా భారతీయులవే గనుక, పొలం తాకట్టు పెట్టి బిడ్డను అమెరికా చదువుకు పంపిన తెలుగు తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడింది. సభలలోని ఆలింగనాలు వారిని ఆదుకోలేదు.

కనుక అభ్యర్థులను తూచే తూనికరాళ్ళు మారాలి. ఎవరు ఏమన్నారన్న దానికన్నా, ఏ రాష్ట్రంలో ఎవరిని ఉద్దేశించి అన్నారన్నది ముందు చూడాలి. ప్రసంగం కంటే చట్టసభలో వేసిన ఓటుకు ఎక్కువ విలువ ఇవ్వాలి. అన్నింటికీ మించి, అధ్యక్షుడు ఒక్క సంతకంతో చేయగలిగినదేది, కాంగ్రెస్ అనుమతి కావలసినదేది అని వేరుచేసి చూడాలి. ఏటా 85 వేల హెచ్-1బి వీసాల పరిమితి చట్టం విధించినది. ఏ అభ్యర్థి గెలిచినా తెల్లవారేసరికి మారదు. రుసుములు, నిబంధనలు, సుంకాల విషయంలో మాత్రం అధ్యక్షుని చేయి ఎంత దూరం చాచగలదో 2025 చూపించింది. అమెరికా చదువుకు అప్పు చేయబోయే కుటుంబాలు లెక్కలోకి తీసుకోవలసినది ఈ తేడానే.

ఇక మనం ఆలోచించవలసిన మరో సంగతి ఉన్నది. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీచేయకుండానే, పార్టీ పెద్దల దయతో డెమొక్రాటిక్ అభ్యర్థి అయ్యారు. దానిపై చెలరేగిన ఆగ్రహం వల్లనే 1972 నుంచి అభ్యర్థి ఎంపిక సామాన్య ఓటరు చేతికి వచ్చింది. ఒహాయో కార్మికుని కోసం అభ్యర్థులు మన ఐటీ రంగాన్ని తిట్టడం మనకు కష్టంగానే ఉంటుంది. కాని ఆ కార్మికునికి అభ్యర్థిని నిర్ణయించే ఓటు ఉన్నందువల్లనే అతని బాధ వారి నోట పలుకుతున్నది. మనకు రుచించని ఆ మాటలే ఆ వ్యవస్థ బలం.

మన పార్టీలలో కార్యకర్తకు అటువంటి ఓటు ఏది? 2014లో కాంగ్రెస్ కొద్ది లోక్‌సభ స్థానాలలో అభ్యర్థులను ప్రైమరీల ద్వారా ఎంపిక చేసి చూసింది. ఆ ప్రయోగం అక్కడితో ఆగింది. జాతీయ పార్టీలైనా, ప్రాంతీయ పార్టీలైనా టికెట్టు అధిష్ఠానం అనుగ్రహంగానే మిగిలింది. ఒబామా మేలా, హిల్లరీ మేలా అని తర్కించుకున్న మనం, మన నియోజకవర్గంలో ఎవరు అభ్యర్థి కావాలో చెప్పే హక్కు లేకుండా జీవిస్తున్నాం. పొరుగింటి పోరును ఆసక్తిగా చూసే కళ్ళతోనే సొంత ఇంటి తలుపులకు వేసిన తాళాన్నీ చూడవలసి ఉన్నది. అక్కడి అభ్యర్థులపై మన అభిప్రాయాన్ని ఎవరూ అడగరు. ఇక్కడి అభ్యర్థులపై అడగనందుకు మాత్రం మన పార్టీలను నిలదీయక తప్పదు.