టీకా విషయమున ఇష్టము, ఆధారము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారము కలదు. 1955వ సంవత్సరమున సోవియట్ యూనియన్‌తో జరిగిన ఒడంబడిక ననుసరించి దాని నిర్మాణము సాగినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. పని కొరకు వచ్చిన తెలుగు కుటుంబములు అనేకము ఆ పట్టణమున స్థిరపడినవి. అచటి హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఇనుమును కోయుచు, అతుకుచు, తొలుచుచు జీవించువారు ఎందరో కలరు. చేసిన వస్తువు సరిపోవునా లేదా అను సంగతిని వారు కంటిచూపుతో తేల్చరు, కొలిచి తేల్చుదురు. అట్టివాడే ఇంటికి పోయిన పిమ్మట, బిడ్డకు టీకా వేయింపవలెనా వద్దా అను ప్రశ్న వచ్చునప్పటికి, కొలతను మరచి, పొరుగువారి మాటనో, సెల్‌ఫోనులో వచ్చిన వార్తనో నమ్ముట తరచుగా జరుగుచున్నది.

“శరీరము నాది, సూది గ్రుచ్చునది నాకు. వద్దనుటకు నాకు హక్కు లేదా?” అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్నను పరిహసించుట తగదు. జేకబ్ పులియెల్ అను వైద్యుడు దాఖలు చేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2022 మే 2వ తేదీన దీనికి సమాధానము చెప్పినది. తన శరీరముపై తనకు గల అధికారము రాజ్యాంగమందలి 21వ అధికరణము క్రింద రక్షింపబడుచున్నదనియు, ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదనియు న్యాయమూర్తులు ఎల్. నాగేశ్వరరావు, బి. ఆర్. గవాయి గార్లు తీర్పు చెప్పిరి. ఆ తీర్పులోనే మరికొన్ని మాటలు కలవు. ప్రజారోగ్యము కొరకు ప్రభుత్వము పరిమితులు విధింపవచ్చును గాని, అవి అవసరమునకు మించరాదు. ప్రభుత్వము అవలంబించిన టీకా విధానము అసమంజసమని చెప్పుటకు వీలులేదు. టీకా పిమ్మట కలిగిన దుష్పరిణామముల వివరములను ప్రజలకు అందుబాటులో ఉంచవలెను.

కావున నిర్ణయించు హక్కు పౌరునిదే. అయితే హక్కు కలిగియుండుట వేరు, నిర్ణయము సరియైనదగుట వేరు. తీర్పు మొదటిదానిని మాత్రమే ఇచ్చినది. రెండవది ఆధారమును వెదకి చూచుటవలననే లభించును. ఆధారమును చూడక “ఇది నా ఇష్టము” అనువాడు నిజమునకు తన ఇష్టమును నడపుట లేదు; చివరకు ఎవరి మాట చెవిని పడినదో వారి ఇష్టమును నడపుచున్నాడు.

ఇందుకు ఛత్తీస్‌గఢ్‌లోనే ఒక నిదర్శనము కలదు. 2021 జనవరి 16వ తేదీన దేశమంతటను కోవిడ్ టీకాలు వేయుట ప్రారంభమైనది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాక్సిన్ టీకాకు అప్పటికే అత్యవసర వినియోగ అనుమతి లభించియున్నది. కాని దాని మూడవ దశ పరీక్షల ఫలితములు ఇంకను వెలువడలేదు. ఆ ఫలితములు వచ్చువరకు ఈ టీకాను వాడబోమని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము తెలిపినది. టీకా సురక్షితమైనదనియు, రోగనిరోధక శక్తిని కలిగించుచున్నదనియు కేంద్ర ప్రభుత్వము బదులు చెప్పినది. ఆ వివాదమున పక్షము వహించుటకంటె, ఆ ప్రశ్న ఎట్టిదో గమనించుట మేలు. “టీకాలే వద్దు” అని ఆ రాష్ట్రము అనలేదు; “ఆధారము చూపుడు” అని అడిగినది. ఆ అడిగినది తీరగల కోరిక.

అది తీరినది. 2021 మార్చి 3వ తేదీన మొదటి ఫలితములు ప్రకటింపబడినవి. ఈ పరీక్షలో సుమారు 25,800 మంది పాల్గొనిరి. వారిలో సగము మందికి టీకాయు, తక్కిన సగమునకు మందు లేని సూదియు వేసిరి. ఎవరికి ఏది వేసినదియు వారికి గాని, వేసినవారికి గాని తెలియనీయలేదు. నమ్మకమో, భయమో ఫలితమును మార్చకుండుటకే ఈ కట్టుబాటు. మొదటి లెక్కలో 43 మందికి వ్యాధి సోకినట్లు తేలినది. వారిలో 36 మంది మందు లేని సూది పొందినవారు. 7గురు మాత్రమే టీకా పొందినవారు. తుది లెక్క అదే సంవత్సరము నవంబరులో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైనది. అందు ఈ సంఖ్యలు 106, 24. లక్షణములతో కూడిన వ్యాధి నుండి రక్షణ నూటికి 77.8 వంతులని నిర్ణయించిరి. ఇది సంపూర్ణ రక్షణ కాదు, శూన్యమును కాదు. కొలిచి చెప్పిన మాట ఇట్లుండును.

ఆ పిమ్మట ఛత్తీస్‌గఢ్‌లోను కోవాక్సిన్ వాడుకలోనికి వచ్చినది. ఇంతలో వ్యాధి ఆగలేదు. 2021 ఏప్రిల్ 6వ తేదీ నుండి దుర్గ్ జిల్లాలో లాక్‌డౌన్ విధింపవలసి వచ్చినది. జనవరిలో “ఫలితములు రానిండు” అన్నవానిది వివేకము. ఫలితములు వచ్చిన తరువాత, వాటిని చదువకయే, ఏప్రిల్‌లోను అదే మాట పలికినవానిది వివేకము కాదు, అలవాటు. మాట ఒకటే అయినను, నడుమ ఆధారము వచ్చి చేరినందున అర్థము మారిపోయినది.

ఇష్టమునకు ఎంత చోటు కలదను సంగతి వ్యాధినిబట్టి కూడ మారుచుండును. ధనుర్వాతమును తీసికొనుడు. దాని క్రిములు మట్టిలోను, పేడలోను ఉండి గాయము ద్వారా దేహమున ప్రవేశించును. అది ఒకరినుండి ఒకరికి అంటదు. కావున పనిచోట ఇనుపముక్క గ్రుచ్చుకొనినవాడు టీకా వలదన్నచో నష్టము ముఖ్యముగా వానిదే. కాని ఊరివారందరు టీకా వేయించుకొన్నను వారి రక్షణ వానికి రాదు. ఒకమారు ఆ వ్యాధి వచ్చి తగ్గినను, అది మరల రాదను హామీ లేదు.

తట్టు సంగతి వేరు. రోగి దగ్గి వెడలిపోయిన పిదప రెండు గంటలవరకు ఆ గదిలోని గాలిలో దాని క్రిమి నిలిచియుండగలదు. రక్షణ లేనివారి నడుమ ఒక రోగినుండి పండ్రెండు మొదలు పదునెనిమిది మందికి వ్యాధి సోకగలదు. దేశమంతటను తొమ్మిది నెలలు నిండిన శిశువునకు మొదటి టీకాయు, పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమ రెండవదియు ఉచితముగా వేయుచున్నారు. తొమ్మిది నెలలు నిండని పసికందునకు ఇరుగుపొరుగు పిల్లల టీకాయే రక్షణ. నూటికి సుమారు 95 మందికి టీకా పడినపుడు గాని ఈ వ్యాధి వ్యాపింపక ఆగదు. ఒక తండ్రి తన బిడ్డ విషయమున చేయు నిర్ణయము గోడ అవతలి ఊయలను కూడ తాకునని దీని భావము. అంతేకాదు, ఆ బిడ్డ తన ఇష్టమును తాను చెప్పుకొనలేదు. పరుల తరఫున నిర్ణయించువాడు తన కొరకు నిర్ణయించుకొనువానికంటె ఎక్కువ శ్రద్ధతో ఆధారమును చూడవలెను.

టీకావలన హాని లేనే లేదని చెప్పుట సత్యము కాదు. సూది పడినచోట నొప్పి, ఒకటి రెండు దినముల జ్వరము సామాన్యము. తీవ్రమైన అలర్జీ పది లక్షల మోతాదులకు సుమారు ఒకటి చొప్పున కలుగవచ్చును. అందువలననే టీకా పిమ్మట అరగంటసేపు కూర్చుండుమందురు. కోవిషీల్డ్ పిమ్మట మిక్కిలి అరుదుగా కొందరికి నెత్తురు గడ్డకట్టినదను సంగతియు దాచదగినది కాదు. కొందరికి కొన్ని టీకాలు నిజముగానే పనికిరావు. గర్భిణులకు తట్టు టీకా వేయరు. ఇవన్నియు కూడ ఆధారములోని భాగములే. తూకమున రెండు తట్టలను ఉంచవలెను. టీకా హానిని మాత్రమే తూచి, వ్యాధి హానిని తూచకుండుట తూకము కాదు.

ఆధారము మారినపుడు వైద్యశాస్త్రమును మారును. తరతరములుగా మన దేశమున వేసిన మశూచి టీకాను నేడు ప్రజలకు వేయుట లేదు. 1975 తరువాత భారతదేశమున ఆ వ్యాధి పుట్టలేదు. 1980లో ప్రపంచమునుండియే తొలగినదని ప్రకటించిరి. వేయుటకు కారణము ఆధారము, మానుటకును కారణము ఆధారమే.

కావున టీకా కేంద్రమునకు పోవువారు సంకోచింపక ప్రశ్నింపవలెను. ఈ వ్యాధి వచ్చినచో ఏమగును? టీకా ఎంతవరకు కాపాడును? దానివలన కలుగు హాని ఏది, అది ఎంత అరుదు? వలదన్నచో ముప్పు మరి ఎవరికి? ఈ నాలుగును వైద్యుని అడుగదగినవి. ఐదవది మాత్రము తన్ను తాను అడుగుకొనవలసినది: ఏ ఆధారము చూపినచో నా అభిప్రాయము మార్చుకొందును? దీనికి బదులు చెప్పగలవాడు ఇంకను ఆలోచించుచున్నవాడు. చెప్పలేనివాడు కొలబద్దను ప్రక్కన పెట్టి కంటిచూపుతో ఇనుము కోయువానివంటివాడు. కర్మశాలలో అట్టి పొరపాటువలన ఒక ఇనుపముక్క వ్యర్థమగును. ఇంటిలో జరిగినచో పోవునది ఇనుము కాదు.