ముంపు తేల్చకుండా నీళ్లు నింపవద్దు

పోలవరం కట్టాలా వద్దా అని కూలివాణ్ణి ఎవరూ అడగలేదు. 2014లో ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపేశారు. మొదటి దశలో 41.15 మీటర్లు, చివరికి 45.72 మీటర్లు, అంటే 150 అడుగుల దాకా నీళ్లు నిలుపుతారట. మరి ఎగువనున్న మన పల్లెల మాటేమిటి?

భద్రాచలం వద్ద గోదావరి 53 అడుగులకు చేరితేనే మూడో ప్రమాద హెచ్చరిక. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వరద మనకు కొత్త కాదు. అన్నిటికీ ఆనకట్టే కారణమని మేమూ అనడంలేదు. కాని దిగువన నీరు నిలిస్తే కిన్నెరసాని, ముర్రేడు వంటి వాగులు గోదావరిలోకి దిగలేవు. ఎగదన్ని పత్తి, మిరప చేల మీదపడి రోజుల తరబడి కదలవు.

చేను మునిగితే ఆసామికి నష్టపరిహారం కాగితమన్నా వస్తుంది. పత్తి తీత, మిరప కోత పోయిన కూలిమనిషికి ఏమొస్తుంది? భూమి సేకరించేచోట మూడేళ్లుగా పనిచేస్తున్న భూమిలేని కూలీలనూ కౌలుదార్లనూ బాధిత కుటుంబాలుగానే 2013 చట్టం చెప్పింది. ఇది ఎవరి దయాదాక్షిణ్యం కాదు, హక్కు.

అందుకే మనం అడగాలి: కేంద్రం, రెండు రాష్ట్రాలు కలిసి సర్వే చేసి ముంపు హద్దురాళ్లు పాతాలి. వాగుల మూతుల దగ్గర తూములు, మోటార్లు పెట్టి, కరకట్టలు గట్టి చేయాలి. కూలీల జాబితా గ్రామసభలో చదివి వినిపించాలి. ఇవన్నీ అయ్యేదాకా నీటిమట్టం పెంచరాదు.

గ్రామసభ పెట్టిననాడు పనికిపోయామని ఊరుకోవద్దు. ఆడా మగా కదిలి రండి. మీ పేరు జాబితాలో ఉందో లేదో అక్కడే నిలదీయండి!