మూడు సెంటీమీటర్ల దూరంలో సైన్యం

సాయంత్రం ఏడు గంటలు. ఖరగ్‌పూర్, తాల్‌బగీచాలో ఓ అద్దె ఇల్లు. 19 ఏళ్ల కుర్రాడొకడు చెప్పులు విడిచి, మడమలు గోడకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. నెత్తిమీద పుస్తకం పెట్టి పెన్సిల్‌తో గీత గీయమని నాకు చెప్పాడు. గీశాను. వాళ్లమ్మ బట్టలు కుట్టే టేపు తెచ్చింది. 166.8 సెంటీమీటర్లు. "ఇంకోపాలి చూడన్నా" అన్నాడు. ఇంకోసారి కొలిచినా అంతే వచ్చింది.

ఈ కుర్రాడు వెయిట్‌లిఫ్టర్. పోటీల్లో దిగింది అప్పటి 73 కిలోల విభాగంలో. క్లీన్ అండ్ జెర్క్‌లో 120 కిలోలు లేపుతాడు. జిల్లా తరఫున రాష్ట్ర పోటీలకెళ్లి రెండో స్థానం తెచ్చుకున్నాడు. ఇప్పుడు అగ్నివీర్ కావాలని పట్టుబట్టాడు. తాత శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరాడు. తండ్రిది కాంట్రాక్టు పని. మూడో తరానికి రైల్వే ఉద్యోగం అందని ద్రాక్ష. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి.

ఇక ఈ సెంటీమీటర్ల గొడవ. సైన్యంలో జనరల్ డ్యూటీ సిపాయికి కావలసిన ఎత్తు దేశమంతటా ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో సహా దక్షిణాది రాష్ట్రాలకు 166 సెంటీమీటర్లు. బెంగాల్, బీహార్, ఒడిశా వంటి తూర్పు మైదాన ప్రాంతాలకు 169. మనవాడు ఆముదాలవలసలో పుట్టి ఉంటే ఈపాటికి గోడ దగ్గర నిలబడే అవసరమే ఉండేది కాదు. పుట్టింది ఖరగ్‌పూర్‌లో, నివాస ధ్రువపత్రం బెంగాల్‌ది. కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడినా సైన్యం టేపు దగ్గర అతను బెంగాలీయే. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించింది. భాషకైతే గుర్తింపు దొరికింది, ఎత్తుకు దొరకలేదు.

అతనికున్న ఆశల్లా రాష్ట్ర పోటీల సర్టిఫికెట్టే. చెప్పుకోదగ్గ క్రీడాకారులకు ఎత్తులో 2 సెంటీమీటర్ల సడలింపు ఉంది. అంటే 167 ఉంటే చాలు. సాయంత్రపు కొలత 166.8. రెండు మిల్లీమీటర్లు తక్కువ. ఆ సర్టిఫికెట్‌కు కూడా కాలం తీరిపోయే గడువు ఉంటుంది.

ఇందులో ఒక చిత్రం ఉంది. బరువులెత్తేవాడికి పొట్టితనం వరం. చేతులూ కాళ్లూ పొట్టిగా ఉంటే బరువు పైకి ప్రయాణించాల్సిన దూరం తగ్గుతుంది. టర్కీ వీరుడు నయీం సులేమానోగ్లు ఎత్తు 147 సెంటీమీటర్లు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో దిగి 190 కిలోలు లేపాడు. తన బరువుకు మూడింతలకు పైమాట. మన సైన్యంలో గూర్ఖాలకు అడిగే 157 సెంటీమీటర్లకు కూడా ఆయన అందడు. తాల్‌బగీచాకు దగ్గర్లోనే సలువాలో ఈస్టర్న్ ఫ్రంటియర్ రైఫిల్స్ స్థావరం ఉంది, గూర్ఖా కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలు ఇతనికంటే పొట్టిగా ఉండి కూడా ఎత్తు పరీక్ష దాటుతుంటే ఇతనికి కడుపుమంటగా ఉండదా అని అడిగాను. "ఆళ్లు దౌడులో మమ్మల్ని మింగేస్తారన్నా. ఎత్తు గురించి ఎవడాలోచిస్తాడు!" అన్నాడు.

ఎవరు సైనికుడికి తగిన మనిషి అన్నది మనదేశంలో ఎప్పుడూ టేపు ఒక్కటే తేల్చిన విషయం కాదు. ఈస్టిండియా కంపెనీ సిపాయిలను ఉత్తరాదిలోనూ బెంగాల్‌లోనూ ఒకప్పుడు 'తిలంగా'లనేవాళ్లు. తెలుగు దేశం నుంచి వెళ్లిన సిపాయిల వల్ల పడ్డ పేరది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లకు 'యుద్ధ జాతుల' పిచ్చి పట్టింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి సేనానిగా ఉన్న రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయిలంటే చిన్నచూపు. పంజాబు, నేపాల్ వైపు చూపు మళ్లింది. తిలంగాల వారసులు తుపాకీ వదిలి రైలు పట్టాల వెంట మళ్లీ బెంగాల్ చేరారు. ఈనాటి ప్రాంతాల వారీ కొలతలు ఆ పిచ్చికి కొనసాగింపని నేననను. ప్రాంతాన్ని బట్టి సగటు ఎత్తు మారుతుంది, దానికి తగ్గ లెక్క ఉండటం న్యాయమే. కానీ వలసపోయిన వాడి ఎముకలు ఏ రాష్ట్రానివో నివాస ధ్రువపత్రం ఎలా చెబుతుంది?

ఎత్తు దాటితే చాలదు. అసలు గండం పరుగు. 1.6 కిలోమీటర్లు, అంటే ఒక మైలు. ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు. ఖరగ్‌పూర్ వాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. ఇక్కడి స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ లాగేసుకునేదాకా ప్రపంచంలో అతి పొడవైనదన్న పేరు దీనిదే. ఒకటిన్నర ప్లాట్‌ఫారాలు సరిగ్గా ఒక మైలు. మొదటి ప్లాట్‌ఫారం మూడు నిమిషాల నలభై సెకన్లలో దాటాలి. ఆ వేగం తగ్గకుండా మిగతా సగం కూడా పరుగెత్తాలి.

బరువులెత్తే శరీరానికి ఇది అలవాటు లేని పని. స్నాచ్ అయినా జెర్క్ అయినా కొన్ని సెకన్ల వ్యవహారం. కండరంలో అప్పటికే నిల్వ ఉన్న శక్తితో పని జరిగిపోతుంది, ఊపిరి బిగబట్టే లేపుతారు. తర్వాత రెండు మూడు నిమిషాలు విశ్రాంతి. ఐదున్నర నిమిషాల పరుగు మాత్రం ఎక్కువగా గుండె, ఊపిరితిత్తుల మీద ఆధారపడింది. కాళ్లలో ఎంత బలమున్నా ప్రాణవాయువు అందకపోతే మూడో నిమిషానికి తొడలు సీసం పోసినట్టవుతాయి. మొదటిసారి పరుగెత్తినప్పుడు మనవాడికి పట్టిన సమయం 6 నిమిషాల 50 సెకన్లు. పౌరుషం కొద్దీ మర్నాటి నుంచి రోజూ తారు రోడ్డు మీద ఐదేసి కిలోమీటర్లు పరుగెత్తాడు. మూడో వారానికి ముంగాలి ఎముక పొడవునా నొప్పి. మెట్లు దిగలేకపోయాడు.

లిఫ్టర్లంతా చేసే పొరపాటే ఇది. కండరం గట్టిది కదా, ఎముకా గట్టిదే అనుకుంటారు. నిజానికి బరువులెత్తినవాడి ఎముక బలంగానే ఉంటుంది. కానీ పరుగులో అడుగడుక్కీ పడే దెబ్బ వేరు. దానికి ఎముక సర్దుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకపోతే ముందు నొప్పి, తర్వాత సన్నటి పగులు. సైనిక శిక్షణ కేంద్రాల్లో కొత్త రిక్రూట్లను మంచాన పడేసే గాయాల్లో ఈ పగుళ్లు ముఖ్యమైనవని ప్రపంచమంతటా సైనిక వైద్యులు చెబుతున్నదే.

మనవాడిని దారిలో పెట్టింది హవల్దారుగా రిటైరైన ఓ పెద్దాయన. ముందు రెండు వారాలు పరుగు పూర్తిగా మాన్పించారు. తర్వాత తారు రోడ్డు వద్దని ఎర్రమట్టి మైదానానికి మార్చారు. ఈ ప్రాంతమంతా మొరం నేలే, కాలికి కాస్త మెత్తన. ఒక్కసారిగా మైలు పరుగెత్తనివ్వలేదు. 400 మీటర్లు 82 సెకన్లలో, రెండు నిమిషాలు నడక, మళ్లీ 400. అలా నాలుగు. రెండేసి వారాలకు నడక సమయం అరనిమిషం చొప్పున కోసేశారు. వారానికి మూడు రోజులే పరుగు. రెండు రోజులు బరువులు, అదీ సగానికి సగం తగ్గించి. బరువులు మొత్తం మానెయ్యమని మాత్రం చెప్పలేదు. ఆయన చేసిన అన్నింటిలో ఇదే తెలివైన పని అనిపించింది నాకు. తొమ్మిది అడుగుల గొయ్యి దూకాల్సి వచ్చినప్పుడు ఆ తొడల బలమే అక్కరకొస్తుంది.

పరుగు తర్వాత బీమ్. కడ్డీ పట్టుకుని వేలాడుతూ గడ్డం పైకి వచ్చేలా పదిసార్లు లేస్తే 40 మార్కులు. 120 కిలోలు లేపేవాడికి ఇదెంత అనుకుంటాం. అతను మొదట లేచింది ఆరుసార్లు. ఇక్కడ ఎత్తాల్సింది ఇనుమును కాదు, తనను తాను. 76 కిలోల ఒళ్లు. అందులో కొంత తగ్గితే పరుగూ బీమూ రెండూ తేలికవుతాయి. 167 సెంటీమీటర్ల మనిషికి శరీర సూచిక 25 దాటకూడదంటే బరువు 70 కిలోల లోపుండాలి. ఆ సూచికకు కండ ఏదో కొవ్వు ఏదో తెలియదు. ఎన్‌డీఏ వంటి అధికారుల ఎంపికల్లో ఈ సంగతి గుర్తించారు. బాడీబిల్డర్లు, మల్లయోధులు, బాక్సర్లు ఆధారాలు చూపిస్తే, నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్ల లోపుంటే అధిక బరువును మన్నించే వెసులుబాటుంది. సిపాయి కాబోయేవాడు మాత్రం తగ్గించుకోవడమే మంచిది.

తగ్గడానికీ ఓ పద్ధతుంది. వారానికి అరకిలో. పన్నెండు వారాలకు ఆరు కిలోలు. వాళ్లమ్మ చెప్పిన ప్రకారం పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ. పరుగు నుంచి వచ్చాక నాలుగు గుడ్లు. సాయంత్రం మేదినీపూర్ వాళ్ల జీవనాధారమైన మూడీ, అదే మన మరమరాలు, నానిన శనగలతో. ఇతను పోటీలకు ముందు రోజు నీళ్లు మానేసి రెండు కిలోలు దించడం నేర్చిన వాడు. ఆ విద్య ఇక్కడ ప్రదర్శిస్తే బెంగాల్ ఉక్కపోతలో మైదానం మధ్యే కూలిపోతాడు. జిమ్‌లో ఎవరో చూపించిన పొడి డబ్బా గురించి అడిగితే అతను నవ్వేసి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మన లిఫ్టర్లు ఇద్దరు డోపింగ్‌లో దొరికి దేశం పరువు తీశారు. పేరు లేని డబ్బాలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

ఇన్ని తిప్పలూ గేటు దాటడానికే. లోపల కథ వేరు. సైనికుడయ్యాక ఎదుర్కొనే పోరాట సామర్థ్య పరీక్షలో తుపాకీ, సామగ్రి మోసుకుంటూ 5 కిలోమీటర్లు పరుగెత్తాలి, తాడు ఎక్కాలి. గాయపడ్డ తోటివాణ్ని భుజాన వేసుకోవాల్సి రావచ్చు. అక్కడ పల్చటి పరుగువీరుడి కంటే మన బరువుల కుర్రాడే నయం. అమెరికా సైన్యం ఈ సంగతి ఆలస్యంగానైనా గ్రహించి, 2022లో అమల్లోకి తెచ్చిన కొత్త పరీక్షలో నేల మీంచి బరువెత్తడాన్ని చేర్చింది. 2025లో పరీక్షను మళ్లీ మార్చినా దాన్ని మాత్రం ఉంచింది. మన ర్యాలీల్లో వేలమందిని ఒక్క రోజులో వడపోయాలి. ఒక గడియారం, ఒక కడ్డీ, ఒక టేపు ఉంటే సరిపోయే పరీక్ష కావాలి. ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. అయినా చౌకగా కొలవగలిగిన దాన్నే యోగ్యత అనుకునే అలవాటు మన ప్రభుత్వ ఉద్యోగాలన్నిటికీ ఉంది.

లిఫ్టర్‌గానే సైన్యంలో చేరే దారి లేకపోలేదు. ఇదే బెంగాల్‌లో హౌరా జిల్లా దేవుల్‌పూర్ కుర్రాడు అచింత షెవులి జరీ పని చేసుకుంటూ బరువులెత్తి, పుణెలోని ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ చేరాడు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మనవాడి విభాగంలోనే, 73 కిలోల్లో, 313 కిలోలు లేపి స్వర్ణం తెచ్చాడు. కానీ ఆ తలుపు తెరిచేది చిన్నవయసులో కంటపడ్డ వాళ్లకు, జాతీయ పతకాలున్న వాళ్లకు. 215 కిలోల మొత్తంతో తట్టేది కాదు. సిడ్నీలో 2000లో 240 కిలోలు లేపిన కరణం మల్లీశ్వరిది వాళ్ల తాతగారి జిల్లాయే. ఆమె తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. గోడ మీద ఆవిడ ఫొటో ఉంది. ఖరగ్‌పూర్‌లో క్రీడాకారుల కోటాలో టికెట్ కలెక్టరుగా పనిచేసి వెళ్లిన ధోనీ ఫొటో కూడా ఉంది. "వాళ్లలా అవ్వాలని కాదన్నా" అన్నాడు తనే, నేను అటు చూడటం గమనించి. "ఉజ్జోగం కోసం."

ఆ ఉద్యోగమైనా నాలుగేళ్లదే. 2022లో ఈ పథకం ప్రకటించినప్పుడు జూన్ 17న సికిందరాబాద్ స్టేషన్ తగలబడింది, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. నాలుగేళ్ల తర్వాత నూటికి పాతిక మందిని ఉంచుకుంటామన్నారు. మిగతావారికి 11.71 లక్షల రూపాయలు, పింఛను లేదు. వాళ్లమ్మను ఆ మాటే అడిగాను. "నాలుగేళ్లు జీతమొస్తాది కదా బాబూ. ఈడి చెల్లి పెళ్లయిపోద్ది" అంది. ఆమె లెక్కలో పింఛను లేనే లేదు.

రాత్రి అక్కడే పడుకున్నాను. నాలుగున్నరకు కుర్రాడు లేపాడు. ముఖం కూడా కడుక్కోకుండా గోడ దగ్గరకెళ్లి నిలబడ్డాడు. రోజంతా నిలబడి తిరగడం వల్ల వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు కుంగి సాయంత్రానికి మనిషి సెంటీమీటరు దాకా తగ్గుతాడట. భుజాల మీద బరువు పెట్టి గుంజీలు తీసిన రోజు ఇంకాస్త. అందుకే ర్యాలీకి వారం ముందు బార్‌బెల్ ముట్టుకోనన్నాడు. ర్యాలీలో కొలతలు తెల్లవారకముందే మొదలుపెడతారని ఎవరో చెప్పారట, అదే అతని ధైర్యం. నిన్నటి గీతకు కొంచెం పైన కొత్త గీత పడింది. టేపు పట్టాను. 167.5.

"రాసుకోన్నా" అని బూట్లు తొడుక్కుని మైదానానికి పరుగు తీశాడు.