గొంతుకా? గ్లామరా?

ఈ వారం ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. అవును, ఉత్తరమే! ఈ రోజుల్లో కూడా బాల్‌పెన్నుతో నాలుగు పేజీలు రాసే కుర్రాళ్లు ఉన్నారండీ. వచ్చింది డొంకూరు నుంచి. ఎక్కడుందీ అంటారా? శ్రీకాకుళం జిల్లా చిట్టచివర, ఇచ్ఛాపురం మండలంలో, సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు. అటు కాస్త జరిగితే ఒడిశా.

కుర్రాడు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి నాలుగు డబ్బులు కూడబెట్టాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు పెళ్లిళ్లకీ, జాతర్లకీ మైక్‌సెట్టు నడిపిన మనిషి. ఇప్పుడు లేడు. ట్రంకుపెట్టె నిండా రికార్డులు వదిలి వెళ్లాడు. వాటి కోసం మంచి టర్న్‌టేబుల్ కొనాలని అబ్బాయి కోరిక. ఉత్తరంలో రెండు రంగుల బొమ్మలు కత్తిరించి పెట్టాడు. ఒకటి గాజులా తళతళలాడే యాక్రిలిక్‌ది. మోటారు పక్కన విడిగా వెండి డబ్బాలో కూర్చుంది. రెండోది నల్లటి బరువైన పెట్టె, టెక్నిక్స్ ఎస్ఎల్-1200 వంశానిది. “ఏది కొనమంటారు మాస్టారూ? నాకు మొదటిదే నచ్చింది. మీరూ అదే అంటారని ఆశ” అని ముగించాడు.

సలహా ముందే నిర్ణయించి అడగడం కుర్రకారుకి కొత్త కాదు లెండి. నేనూ ఆ వయసులో మెరుపు చూసి పడిపోయినవాణ్ణే. ఎవరు తయారుచేశారో చెప్పను గానీ, ఒక క్రోమియం సుందరిని అప్పు చేసి కొన్నాను. మూడో నెలకే దాని బెల్టు సాగి, సుశీలగారి గొంతు జలుబు చేసినట్టు వినిపించింది. స్నేహితులు వచ్చి “ఆహా, ఎంత బాగుంది!” అనేవారు. వాళ్లు చూసి అన్న మాట అది, విని కాదు.

మన సినిమాలో ఈ తగువు లేదు చూడండి. అందం రామారావుగారిది, గొంతు ఘంటసాలగారిది. ఇద్దర్నీ తెరమీద కలిపి మనకి వడ్డించారు. ఆ తర్వాత బాలుగారు ఎంతమంది హీరోలకి గొంతయ్యారో లెక్కపెట్టండి. టర్న్‌టేబుల్‌కి మాత్రం ప్లేబ్యాక్ సదుపాయం లేదు. ముఖమూ దానిదే, గొంతూ దానిదే.

అలాగని చూపులకి బాగున్నవన్నీ పాడలేవనీ కాదు. స్టాన్లీ కూబ్రిక్ 1971లో తీసిన ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’లో హీరో గదిలో ఒక టర్న్‌టేబుల్ కనిపిస్తుంది. ట్రాన్స్‌క్రిప్టర్స్ వారి హైడ్రాలిక్ రిఫరెన్స్. ఆ సినిమా చూసినవాళ్లు దాన్ని మరిచిపోరు! 1972లో డెన్మార్క్‌వాళ్ల బేయోగ్రామ్ 4000 వచ్చింది. జేకబ్ జెన్సెన్ రూపకల్పన. దాని చెయ్యి మామూలు వాటిలా వంపు తిరగకుండా, గాడికి సూటిగా లోపలికి జరుగుతుంది. రికార్డు తయారీలో గాడి కోసే పరికరం కూడా అలాగే జరుగుతుంది గనక అది ఒట్టి సోకు కాదు. అదే 1972లో వచ్చిన ఎస్ఎల్-1200కి సోకు తక్కువ. పళ్లెం కిందే మోటారు, మధ్యలో బెల్టు లేదు. 2010లో ఆపేశారు, 2016లో మళ్లీ తెచ్చారు.

ఇన్ని కబుర్లు ఉత్తరంలో రాసే బదులు వెళ్లి చూద్దామనిపించింది. నల్లపెట్టె నా దగ్గరే ఉంది. గాజుసుందరిని విశాఖలో ఒక మిత్రుడు ఒక్కరోజుకి అప్పిచ్చాడు. (వాడి ధైర్యానికి దండం.) రెండింటినీ దుప్పట్లలో చుట్టుకుని డొంకూరు చేరాను.

ఇల్లు సముద్రానికి దగ్గర. చెక్కబల్ల ఒకటే ఉంది, దానికి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క పెట్టి మట్టం సరిచేశాను. రెండు యంత్రాలకీ ఒకే కార్ట్రిజ్ వాడితేనే న్యాయం. దాన్ని విప్పి, బిగించి, ముల్లు రికార్డు మీద రెండు గ్రాముల లోపు బరువుతో ఆనేలా తూచి పెట్టేసరికి ప్రతిసారీ అరగంట. ఈలోగా అబ్బాయి ట్రంకుపెట్టె తెరిచాడు. చాలా రికార్డులకి అట్టలు లేవు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు ఈ ఇంటి రేకులు కూడా లేచిపోయాయట. అట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. రికార్డులని మాత్రం వాళ్ల నాన్న మంచినీళ్లతో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టాడట. వినైల్‌ని నీళ్లేం చెయ్యవు. ఆ పెద్దాయనకి ఆ సంగతి ఎవరు చెప్పారో!

‘శంకరాభరణం’ (1980) తీశాం. వాళ్లమ్మ వంటింట్లో ఉంది, అక్కణ్ణించి యంత్రాలు కనపడవు. నాకు కావలసిన న్యాయమూర్తి ఆవిడే. మొదట గాజుది, తర్వాత నల్లది. “ఏది బాగుందమ్మా?” అన్నాను.

“రెండోది... కాదు, మొదటిదే బాగుంది. ఏటో బాబూ! పాట మజ్జిలో ఆపేత్తే ఎలా సెప్పేది?”

నిజం చెప్పొద్దూ, నా చెవికీ తేడా చాలా సన్నగానే తోచింది. గాజుదానిలో వీణ మీటు కాస్త విడిగా, తేటగా వినిపించింది. నల్లదానిలో మృదంగం నేల మీద కూర్చుని వాయించినట్టుంది. మంచి యంత్రాలు రెండింటిని పక్కపక్కన పెడితే ఇంతే. అసలు తేడా ఎక్కడ వచ్చిందో తెలుసా? రికార్డుని మెత్తటి బ్రష్‌తో తుడిచాక! మీ పాత ప్లేయర్‌ని తిట్టేముందు ముల్లు సంగతీ, దుమ్ము సంగతీ చూసుకోండి.

ఇంతలో పక్కింటి గుంటడు పరిగెత్తుకొచ్చి బల్లని గుద్దాడు. అప్పుడు పళ్లెం మీద ఉన్నది గాజుది. స్ప్రింగుల మీద ఊగి, చెయ్యి రెండు గాళ్లు దూకింది. నా గుండె నాలుగు గాళ్లు దూకింది. (విశాఖ మిత్రుడు ఇది చదవకూడదని ప్రార్థన.) వాళ్లమ్మ బయటికొచ్చి తొలిసారి రెండింటినీ చూసింది. “ఓలమ్మా, అద్దంలాగుందే! దీనికి మూతేదిరా? మన ఇసక సంగతి తెల్దేటి?”

అబ్బాయి మాట్లాడలేదు. సాయంత్రం ఒడ్డున కూర్చున్నప్పుడు అసలు విషయం బయటపెట్టాడు. సంక్రాంతి వెళ్లాక కవిటి నుంచి పిల్ల తరపువాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తారట. “మా నాన్నని అందరూ మైకోడనే పిలిసేవోరు మాస్టారూ. ఆల్లు గుమ్మంలో అడుగెట్టగానే ఆ గాజుది కనబడితే, ఇది మైకోడి సామాను కాదని తెలుస్తాది గదా.”

అప్పటిదాకా గ్లామర్ మీద నాలుగు జోకులు సిద్ధం చేసుకున్నాను. అవి నోట్లోనే ఉండిపోయాయి. రోజుకి గంటసేపు పాడే వస్తువు మిగతా ఇరవైమూడు గంటలూ ఇంట్లో కూర్చుని ఉంటుంది. దాన్ని చూసి సంతోషపడాలనుకోవడం తప్పెలా అవుతుంది?

కానీ ఆ సంతోషం ఎన్నాళ్లు? వాళ్ల కిటికీ ఊచలు చూపించాను. తలుపు బందులు చూపించాను. రంగు వేసి రెండేళ్లు కాలేదట, ఉప్పుగాలికి పొరలు లేచిపోతున్నాయి. ఆ వెండి డబ్బా, ఆ మెరిసే మరలు, మూతలేని పళ్లెం ఇక్కడ రెండు వానాకాలాలు గడిపాక ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? యాక్రిలిక్ మీద ఇసక పడితే తుడిచిన ప్రతిసారీ గీతే. విశాఖలో మేడమీద ఏసీ గదిలో ఉండేవాడైతే గాజుదే కొనుక్కో అనేవాణ్ణి, మనస్ఫూర్తిగా. డొంకూరులో మాత్రం మూతున్న నల్లదానికే నా ఓటు. అదీ సెకండ్‌హ్యాండ్‌ది చూసుకుని, మిగిలిన డబ్బు స్పీకర్ల మీదా, కొత్త ముల్లు మీదా పెట్టమన్నాను. “మరి చూపులకో?” అన్నాడు దిగులుగా. “ఉద్దానంలో పుట్టి పనస చెక్క సంగతి నన్నడుగుతావా?” అన్నాను.

మొన్న రెండో ఉత్తరం వచ్చింది. నల్లదే కొన్నాడు. ఊరి వడ్రంగి చేత పసుపుపచ్చగా నిగనిగలాడే పనస బల్ల చేయించాడు. నాలుగు కాళ్లూ సమానమేనని ప్రత్యేకంగా రాశాడు! కవిటివాళ్లు వచ్చిన పూట కరెంటు లేదట. పాట లేదు, ఏమీ లేదు. పెద్దవాళ్లు బల్లని తడిమి చూశారట. పిల్ల మాత్రం ట్రంకుపెట్టె దగ్గర కూర్చుని, వీటికి అట్టలేవని అడిగిందట. నాన్న సంగతీ, తుఫాను సంగతీ మొత్తం చెప్పానని రాశాడు. మైక్‌సెట్టుతో సహా.

కబురు ఇంకా రాలేదట. ఈలోగా ముల్లు అరిగిందో లేదో ఎలా తెలుస్తుందని అడుగుతున్నాడు. దానికి మంచి భూతద్దం కావాలి, కాస్త ఓపికా కావాలి. వచ్చే వారం చెబుతాను.