విశ్వవిద్యాలయములలో స్పానిషు చిత్రములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని విశ్వవిద్యాలయములు పెక్కు స్పానిషు, లాటినో చలనచిత్రములను వరుసగా ప్రదర్శించి, పిమ్మట వానిపై చర్చలు నడుపుట వాడుకగా నున్నది. ఈ వాడుకను మేము హృదయపూర్వకముగ నభినందించుచున్నాము. అయినను చిత్రముల యెన్నికను గూర్చి యొకటి రెండు మాటలు చెప్పక తప్పదు.

భాష యొకటే యైనను దానిని మాటలాడువారందఱు నొకే జాతి కారు. స్పెయినులోనే ఫ్రాంకో ప్రభుత్వము కటలాను, బాస్కు భాషల నణచి స్పానిషునకు పెత్తన మొసగెను. మెక్సికోలో నది విజేతల వెంట నోడలు దిగిన భాష. అమెరికాలోనో, పొలములలోను గనులలోను పాటుపడు లాటినోల భాష. వీరందఱును వలసవచ్చినవారు కారు. 1848 నాటి సంధితో మెక్సికో భూభాగమున విశాలమగు భాగము అమెరికా వశము కాగా, అచటి కుటుంబములు ఇల్లు కదలకయే పరప్రభుత్వపు ప్రజలైనవి.

బహుమతు లందిన చిత్రములే చూపుట సులభము. వానికిని విలువ గలదు. బునుయేలు తీసిన 'విరిదియానా' 1961లో కాన్ ఉత్సవమున నత్యున్నత బహుమతిని పంచుకొన్నది. ఆ చిత్రమునే స్పెయిను ప్రభుత్వము నిషేధించెను. 1975లో ఫ్రాంకో మరణించిన పిమ్మట, 1977లో గాని యది స్వదేశీయుల కంటబడలేదు. పదునాఱేండ్లు!

మాకు ముఖ్యముగ దోచునది 1954 నాటి 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్'. న్యూ మెక్సికోలోని జింకుగనిలో 1950 అక్టోబరున మొదలైన సమ్మె 1952 జనవరి వఱకు సాగెను. తెల్లవారితో సమానత్వమే మెక్సికన్ కార్మికుల కోరిక. గనికార్మికులు పికెటింగు చేయరాదని న్యాయస్థాన మాజ్ఞాపించెను. ఆజ్ఞలో వారి భార్యల మాట లేదు. ఆ స్త్రీలే వచ్చి నిలిచిరి! ఆ కథను, పలువురు కార్మికులనే పాత్రధారులుగ జేసి, హాలీవుడ్ వెలివేసిన హెర్బర్టు బైబర్మను తెరకెక్కించెను. నాయిక వేషము ధరించిన మెక్సికో నటీమణి రొసౌరా రెవుయెల్తాసును చిత్రము ముగియకమునుపే వలసశాఖవారు నిర్బంధించిరి. ఆమె స్వదేశమునకు మరలిపోవలసివచ్చెను. దేశమంతటను బహుకొద్ది సినిమాహాళ్లే దానిని చూపినవి. అట్టి చిత్రమును 1992లో జాతీయ చిత్రముల పట్టికలో జేర్చి భద్రపఱచిరి. నలువది యేండ్లకు దగ్గఱగా నెవరు చూడవలెనో వారిలో నెందఱు చూడగలిగిరి? వ్యాపారులు వెఱచి తలుపులు మూసినపుడు విద్యాలయములైన దెఱవవలదా?

మఱియొక చిక్కు గలదు. గ్రెగరీ నావా 1983లో దీసిన 'ఎల్ నోర్టే'లో గ్వాటిమాలానుండి పాఱిపోయి లాస్ ఏంజెలెసు చేరు తోబుట్టువు లిరువురును మాయాజాతివారు. వారి యింటిమాట కిచే. స్పానిషు వారికిని పరాయిదే. ఈ చిత్రమును చూపు స్పానిషుశాఖ యాచార్యులు తమ భాష ఆ నేలకు వచ్చిన విధమును గూడ విద్యార్థులకు చెప్పవలెనని మా కోరిక.

ప్రదర్శనలు పనివేళల గాక రాత్రులందు, రుసుము లేక, ఊరివారినిగూడ రానిచ్చి జరుపవలెను. ఆ విద్యాలయములలోనే వంటశాలలందును తోటలందును పనిచేయు లాటినోలు గలరు. వారికి పిలుపు పోయినదో లేదో నిర్వాహకులు విచారింతురుగాక.